నలభై మూడు తలల బస్సు

12 జూలై 1981, ఆదివారం

ఇందుమూలముగా గట్లకుంట గ్రామ యావన్మంది ప్రజలకు, గొడ్డుగోదకు, కోళ్లకు, వాటి పిల్లలకు తెలియపరచునది ఏమనగా: సదరు గ్రామ కాపురస్తుడు, సైకిల్ రిపేరుదారుడు, ఏడవ తరగతి రెండుమార్లు తప్పినవాడు అగు ఎల్లస్వామి అను నేను, వయస్సు నలభై ఆరు, నేటి నుండి చాయలో చక్కెర రెండు చెంచాలకు బదులు ఒకటిన్నర చెంచా వేసుకొందును. నా ఎడమ మీసములోని మూడు తెల్ల వెంట్రుకలు తెల్లవి అని ఎవరు చెప్పినను ఒప్పుకొనబడదు. నా దుకాణం ముందు పండుకొను కుక్కకు సర్పంచు వెంకట్రాజం పేరు పెట్టితినని గిట్టనివారు చేయు ప్రచారము శుద్ధ అబద్ధము. కుక్కకు ఆ పేరు పెట్టిననాటికి ఆయన సర్పంచు కాలేదు. డప్పు కొట్టించిన దండుగ గనుక చాటింపు ఇందులోనే వేయడమైనది.

ఈ డైరీ పురుగుమందుల దుకాణపోడు ఇచ్చిండు. జనవరి నుంచి జూన్ దాకా కాగితాలు నా పెండ్లాం సమ్మమ్మ పొయ్యి రాజేసింది. మిగిలిన అర్ధ సంవత్సరం నాది.

16 జూలై

వాగొచ్చింది. బిడ్డ సుగుణ నడుముల దాకా తడిసి ఎనుకకొచ్చింది. బస్సు దొరకలే. బస్సేమో వాగుకు అవుతల ఈదులపాడు దాకే వస్తది. మన ఊరోళ్లు రెండు మైళ్లు నడిచి, వాగు దాటి, ఆడ ఎక్కాలె. హైస్కూలు ఇంకా దూరం.

ఇంకోసారి గిట్ల తడిసొస్తె పుస్తకాలు అటుక మీద పెట్టి నాటుకు తీస్కపోతనన్నది సమ్మమ్మ. అది అన్నదంటె చేస్తది.

సుగుణ పదో తరగతి. మార్చిల పరీక్ష. నా ఇంట్ల ఒక్కరన్న పది గట్టెక్కాలె. నేనేం పెద్ద ఆశలు పెట్టుకునే మనిషిని కాను, గని ఇదొక్కటి కావాలె.

19 జూలై

వెంకట్రాజం సమితి ఆఫీసుకు పోయొచ్చిండు. ఊర్ల నుంచి బడికి పోయే పిల్లల బస్సులకు ఇగ సర్కారే సగం ఖర్చు ఇస్తదట. గని అడిగినోళ్లందరికి కాదు. నలభై మందికి తక్కువ కాకుండ పిల్లలున్న ఊరికే బస్సు. మన రెండు ఊర్లకు కలిపి ఒక్కటే. ఇరవై నాలుగో తారీఖు వరంగల్ సుబేదారి ఆఫీసు నుంచి సారంగపాణి అనే ఆయన వచ్చి తలలు లెక్కపెడ్తడు.

మన తలలు ఇరవై ఆరు. ఈదులపాడు తలలు నలభై ఒకటి.

వెంకట్రాజం తల పట్టుకున్నడు. అది లెక్కకు రాదు.

24 జూలై

నవ్వీ నవ్వీ కడుపు నొస్తాంది.

నిన్న పొద్దుగూకక ముందే సైకిలేసుకొని ఈదులపాడు పోయిన. రేపు పొద్దుగాల మా ఊరికొచ్చే సారు నోటుబుక్కులు, పెన్సిళ్లు పంచుతడట, మీ ఊర్ల పంచడట అని పిల్లల చెవులేసిన. తెల్లారెవరకు పదకొండు మంది వాగు దాటి మా ఊర్ల దిగిన్రు. అందట్ల ఆ ఊరి మొండయ్య బిడ్డ కొమురమ్మ గూడ ఉన్నది. మా సుగుణ, అది ఒక్క బెంచీల కూసుంటరు. ఇద్దరు చెయ్యి చెయ్యి పట్టుకొని లైన్ల నిలవడ్డరు.

ఇంకా మూడు తక్కువ. సారు లెక్కల తప్పుతడేమోనని ఆరుగురు గొర్లకాపర్లకు నిక్కర్లు తొడిగిన. కట్టయ్యకు ఇరవై రెండేండ్లు. మీసం గీకిచ్చిన.

సారంగపాణి జీపు దిగి లైను చూసుకుంట కట్టయ్య కాడ ఆగిండు. ఏ తరగతి అన్నడు. ఎనిమిది అన్నడు వీడు.

"ఏడెనిమిదులు ఎంతరా?"

"మేకలా, గొర్లా సారూ?"

నేను నడుమ వడి, "నాలుగేండ్ల నుంచి అదే తరగతి సార్, పట్టుదల గల పిలగాడు" అన్న. సారు గూడ నవ్విండు. నలభై మూడు అని రాసుకొని ఈదులపాడు పోయిండు. ఆడ ముప్పై మందే ఉన్నరు. పదకొండు మంది ఇంకా మా ఊర్లనే నోటుబుక్కుల కోసం కూసున్నరు.

సాయంత్రం దాకా కూసున్నరు.

5 ఆగస్టు

బస్సు మన ఊర్లకొచ్చింది. ఈదులపాడు పోదు. ఆడికొచ్చే పాత బస్సు గూడ దీనికే మళ్లిచ్చిన్రు.

డప్పులు, కల్లు, యాట. బస్సు ముందట యాటను నిలవెట్టి ఒక్క ఏటుకు తల తీసిన్రు. నెత్తురు ముందటి టైరుకు పట్టిచ్చిన్రు. డ్రైవర్ వలీ ఖిలా వరంగల్ మనిషి, మాట తక్కువ. పిల్లలెక్కే తలుపు కాడ మాత్రం నెత్తురు వద్దు అని జర బతిమిలాడిండు. ఎవలు ఇన్నరు. సుగుణ మొదలెక్కింది. దాని కాలికి అంటిన నెత్తురు బస్సుల ముందటి సీటు దాకా అడుగులు అడుగులు పడ్డది.

మంచి శకునం అన్నది సమ్మమ్మ. ఇగ నాటుకు తీస్కపోను అన్నది.

9 ఆగస్టు

మొండయ్య దుకాణానికొచ్చిండు. కూలికి పోయే మనిషి, గోడ లెక్క ఉంటడు. సైకిల్ లేదు, పంక్చరూ లేదు. నిలవడి నిలవడి చివరికి చెప్పిండు. వాగు నిండితె కొమురమ్మ దాటి మన ఊరికి బస్సు కోసం రాలేకపోతాందట. వారంల మూడు దినాలన్న బస్సు మా ఊరి దాకా పంపమని సుబేదారి ఆఫీసుకు ఒక కాగితం రాసియ్యమన్నడు.

"నీ చేతిరాత ముత్యాలని అందరంటరు ఎల్లన్నా. మా ఊర్ల రాసేటోళ్లు లేరు."

రాసిచ్చిన. చదివి ఇనిపిచ్చిన గూడ, ఆయన అడిగినట్టే. ఏలుముద్ర ఏసి, కాగితం మడిచి, తలపాగల పెట్టుకొని పోయిండు.

కాగితంల ఉన్నది మాత్రం ఇది: మా ఈదులపాడు గ్రామమునకు బస్సు అక్కరలేదు. మేము గాడిదలకు అలవాటు పడినవారము. కావున దయతో రెండు గాడిదలు మంజూరు చేయగలరు.

కల్లు మండువల చెప్తె వెంకట్రాజం కుండ కిందికి పారేసిండు నవ్వలేక.

13 ఆగస్టు

మొండయ్య వచ్చిండు. ఆఫీసుల గుమాస్తా ఆ కాగితం పదిమందికి ఇనవడేటట్టు చదివిండట. మళ్లోసారి చదవమన్నరట. నడిచే పోయిండట సుబేదారి దాకా, నడిచే వచ్చిండట.

దుకాణం ముందట నలుగురున్నరు. మెల్లగ అన్నడు:

"చదువు రానోని ఏలుముద్రతోని ఆడుకున్నవ్. ఆడుకో. నా బిడ్డ తొవ్వతోని ఎందుకాడుకున్నవ్?"

జవాబు చెప్పేలోపల కొట్టిండు. ఒక్కటే. సైకిల్ చక్రం మీద పడ్డ. ఊచ గుచ్చుకొని చెవి కింద చీరింది. కుడి పక్క దౌడ పన్ను కదులుతాంది.

నొప్పి లేదు. నవ్వుకుంట లేచిన. అందరికి ఒక జోకు చెప్పిన. నొప్పి లేదు.

నలుగురిల ఒక్కడు గూడ నవ్వలే. నొప్పయితె లేదు.

30 ఆగస్టు

బస్సు టైర్ల కింద మేకులు పెడ్తుంటె ఈదులపాడు పిలగాండ్లు ఇద్దరు దొరికిన్రు. కరెంటు స్తంభానికి కట్టి కొట్టిన్రు మనోళ్లు. ఒకని ముందు పండ్లు రెండు ఊడినయి. వాడు నోట్లె నెత్తురు మింగుకుంట వాళ్లమ్మను పిలిచిండు. సైకిల్ ట్యూబుతోని కట్టిన్రు. ట్యూబు నాదే. పాతదే.

పిలగాండ్ల కొట్లాటలు. మనకేం సంబంధం.

11 సెప్టెంబర్

కొమురమ్మ తొమ్మిది దినాల నుంచి బడికి రాలేదని సుగుణ రెండుసార్లు చెప్పింది. నేనేం జెయ్యాలె. వాగును నేను తెచ్చిన్నా.

6 అక్టోబర్

సద్దుల బతుకమ్మ. ఈదులపాడు ఆడోళ్లు ప్రతి ఏడు మన చెరువుకే వస్తరు. ఈసారి రాలే. వాళ్లకు పంచుదామని చేసిన మలీద మస్తుగ మిగిలింది.

8 నవంబర్, ఆదివారం

పీరీల పండుగ ఆఖరు దినం. ఈదులపాడు పీరీని ఎప్పుడూ మొండయ్యే ఎత్తుతడు. వాళ్ల తాత కాలం నుంచి వాళ్ల ఇంటోళ్లే. మనోళ్లు ఎవలూ పోవద్దని వెంకట్రాజం అన్నడు. నేను పోయిన, దూరంగ, వాగు గడ్డ మీద నిలవడి చూసిన. తలకు పీరీ దట్టి, ఆకుపచ్చ గుడ్డ, కట్టుకొని, పీరీ భుజాన పెట్టుకొని నిప్పుల గుండంలకు దిగిండు. కాళ్లు కాలినట్టు లేదు.

ఆ పన్ను ఇంకా కదులుతాంది.

11 నవంబర్, బుధవారం

దీపం ముందటేసుకొని కూసున్న. రాయాలె.

ట్యూబులు తెద్దామని వరంగల్ కు పొద్దుటి బస్సే ఎక్కిన. పిల్లలు ముప్పై మంది దాకా ఉన్నరు. సుగుణ నా ఎనుక సీట్ల ఉండె. కల్వర్టు కాడ మలుపు తిరగంగనే రోడ్డుకు అడ్డం తాటి మొద్దు ఉన్నది. వలీ బ్రేకు కొట్టిండు. రాళ్లు మొదలైనయి.

మొదటి రాయికి ముందటి అద్దం పలిగింది. రెండోది వలీ ఎడమ కన్ను మీద పడ్డది. ఆయన స్టీరింగు ఇడువలే. ఒక చెయ్యి కన్ను మీద, ఏళ్ల సందులకెల్లి నెత్తురు కారుతాంది, ఒక్క చేత్తోనే తిప్పిండు. కల్వర్టుల పడాల్సిన బస్సు మడికట్లకు దిగి ఒక పక్కకు ఒరిగింది. పిల్లలు ఒకల మీద ఒకలు పడ్డరు. రాళ్లు ఆగలే. రేకు మీద వడగండ్ల లెక్క. సుగుణ మోచెయ్యి ఇరిగింది. తోలు కిందికెల్లి బొక్క పొడుచుకొచ్చింది.

నేను భయపడలే. కిటికీలకెల్లి చూసిన. గట్టు ఎనుక నలుగురో అయిదుగురో. అందట్ల ఒకడు తలకు ఆకుపచ్చ గుడ్డ కట్టిండు. మొఖం కనవడలే.

ఊరికొచ్చినంక అందరు నన్నే చుట్టుకున్నరు. పెద్దమనిషివి నువ్వొక్కనివే ఉంటివి, నువ్వన్న చూసినవా అన్నరు. చూసిన అన్న. ఎవలన్నరు. ఆకుపచ్చ గుడ్డ సంగతి చెప్పిన. అదొక్కటే చెప్పిన.

ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. వెంకట్రాజం, "దట్టి" అన్నడు. ఎనుక నుంచి ఎవలో పేరన్నరు.

నేను పేరు చెప్పలే.

12 నవంబర్

నలభై మంది పోయిన్రు. దుకాణంల సైకిల్ చైన్లు, హ్యాండిలు రాడ్లు పట్టుకపోయిన్రు. నేను తాళం తియ్యలే. తెరిచే ఉండె.

నేనూ పోయిన. ఎనుక ఉన్న.

మొండయ్య గుడిసె ముందట పశువులకు సొప్ప ఏస్తాండు. ఉరకలే. వెంకట్రాజం దట్టి ఏదిరా అన్నడు. పండుగ నాడే పీరీకి చుట్టి పెట్టెల పెట్టిన్రు, తాళపుచెవి పీరీలను చూసుకునే గులాబ్ బీ కాడ ఉన్నది, పోయి చూసుకొమ్మన్నడు. పీరీల కొట్టం యాభై అడుగుల దూరంల లేదు. ఒక్కడు పోలే.

మొదలు కట్టయ్యే కొట్టిండు, చైనుతోని, మొఖం మీద. చైను లింకులు చెంపను దున్నినట్టు చీరినయి. మోకాళ్ల మీద పడ్డడు. తర్వాత ఎవల దెబ్బ ఎవలదో తెలువలే. రాడ్డు తల మీద పడ్డ సప్పుడు మాత్రం ఏరే ఉన్నది, ఎండిన సోరకాయ పలిగినట్టు. కొమురమ్మ ఆయన మీద అడ్డం పడ్డది. దాన్ని జడ పట్టి గుంజి పారేసిన్రు. గుడిసెకు అగ్గి పెట్టిన్రు. దూడను ఇప్పినోడు లేడు. అది అరిచి అరిచి ఆగింది.

కండ్లల్ల నెత్తురు నిండినంక గూడ మొండయ్య చుట్టూ చూసిండు. నన్ను చూసిండు.

"ఎల్లన్నా, నువ్వన్న చెప్పు."

మస్తు గోల ఉండె. ఆయన ఏమన్నడో నాకు ఇనవడలే.

13 నవంబర్

జర జర యాదికొస్తాంది. ఆ గుడ్డ కట్టినోడు లావుగ ఉండె. గోడ లెక్క. రాయి ఇసిరేటప్పుడు గుడ్డ జారింది. చెంప కనవడ్డది.

14 నవంబర్

మొండయ్యే. నేను చూసిన.

15 నవంబర్

నేను చూసిన. పన్ను ఊడింది, అన్నం తింటుంటె.

17 నవంబర్

వరంగల్ దవాఖానల మొండయ్య సచ్చిపోయిండు. అయిదు దినాలు మాట రాలేదట.

సమ్మమ్మ నాకు చాయ ఇయ్యలే.

19 నవంబర్

పోలీసులొచ్చిన్రు. వెంకట్రాజాన్ని, కట్టయ్యను, ఇంకా తొమ్మిది మందిని తీస్కపోయిన్రు. కట్టయ్య జీపు ఎక్కుకుంట, ఎల్లన్నా, నువ్వు చెప్పినంకనే గదా కొట్టిన అన్నడు. పేరు నేను చెప్పలేదురా అన్న.

నన్ను ఠాణాల కూసోబెట్టి అడిగిన్రు. నేను చెయ్యెత్తలేదు గనుక ముద్దాయిని కాను, సాక్షినట. ఆకుపచ్చ గుడ్డ కట్టిన మనిషి రాయి ఇసరంగ చూసినట్టు రాసిన్రు. మొఖం చూసినవా అన్నరు. చూసిన అన్న. చదివి సంతకం పెట్టమన్నరు.

చదువొచ్చినోన్ని. చదివే పెట్టిన.

24 నవంబర్

రెండు ఊర్లకూ బస్సు రద్దు. గొడవలున్న తొవ్వకు సర్కారు పైసలియ్యదట. కాగితం సారంగపాణే సంతకం చేసి పంపిండు.

2 డిసెంబర్

సుగుణను కట్టు చూపిచ్చుటానికి వరంగల్ తీస్కపోయిన. అటు నుంచి అటే ఖిలాల వలీ ఇంటికి పోయినం. ఆయన కన్ను పోయింది, ఇగ బండి నడిపేది లేదు. ఆయన భార్య తాహెరా బేగం చాయ ఇచ్చింది. వలీ నన్ను కాదు, సుగుణను చూసుకుంటనే అడిగిండు:

"భాయ్, పొద్దు ఎదురుగుండె. నాకు రాళ్లే కనవడ్డయి, మనుషులు కనవడలే. నీకు రంగు గూడ ఎట్ల కనవడ్డది?"

ఇరవై ఏండ్లు బండి నడిపిన కండ్లు నీవి అలిసిపోయినయి వలీ భాయ్ అని నవ్విన. నవ్వినంక తెలిసింది, ఏమన్ననో.

తొవ్వంతా సుగుణ నాకంటె పది అడుగులు ముందటనే నడిచింది.

9 డిసెంబర్

వాగెండింది. చెప్పులు తడవకుండ నడిచిపోవచ్చు. సుగుణ పోతలేదు. కొమురమ్మ వాళ్లమ్మతోని పత్తి ఏరవోతాందట. కట్టు ఇప్పినంక నేను గూడ పత్తికే పోత అంటాంది. కొట్టిన. ఇరగని చెయ్యి మీదనే కొట్టిన. అది ఏడ్వలే. సమ్మమ్మ అడ్డం రాలే. ఇద్దరు నన్ను చూసుకుంట నిలవడ్డరు.

12 డిసెంబర్

హెడ్మాస్టరు మనిషితోని పరీక్ష దరఖాస్తు పంపిచ్చిండు. పదిహేనో తారీఖు ఆఖరు. బాపు సంతకం కావాలె. కలం తీస్కొని కూసున్న. సుగుణ కాగితం ఇయ్యలే.

"ఠాణాల పెట్టిన సంతకం తీసేసి రా బాపు. తర్వాత దీని మీద పెట్టు."

సంతకం తీసేసుడు అంటె సైకిల్ చక్రం తీసేసినట్టా అన్న.

"నువ్వు సీటు కిందున్నవ్. నేను నీ వీపు మీదనే పడ్డ."

ఎవలకన్న చెప్పినవా అన్న. అమ్మకు చెప్పిన అన్నది. ఎప్పుడన్న. బస్సు ఒరిగిన దినమే అన్నది.

అంటె సమ్మమ్మకు ఎరుక. మనోళ్లు చైన్లు పట్టుకపోయేటప్పుడు గూడ ఎరుక. నన్నేం అడుగలే. నేను చెప్తనని చూసిందో ఏమో.

15 డిసెంబర్

పొద్దుగాల ఠాణా దాకా పోయిన. అవుతల చాయ హోటల్ కాడ కూసున్న. లోపలికి పోతె మాట తప్పిన సాక్షికి ఏమైతదో హోటలాయనను అడిగిన, ఎవలకో అయినట్టు. నాకు తెలువదన్నడు. పొద్దు మల్లినంక వాపసొచ్చిన. దరఖాస్తు ఖాళీగనే ఉన్నది, రొట్టెల పీట కింద. హైస్కూలు గేటు ఇప్పుడు మూస్తరు. మార్చిల సుగుణ పరీక్ష రాయదు.

ఇది ఎవలూ చదివేది కాదు. అయినా ఇందట్ల గూడ నాకు నేనే కథ చెప్పుకున్న, అయిదు దినాలు, దినానికొక ముక్క కలిపి. పీరీల పండుగ నాడు మొండయ్యను చూసింది నిజం. గాడిదల కాగితం నిజం. దెబ్బ నిజం, నొప్పి పుట్టింది. నువ్వన్న చెప్పు అన్నది స్పష్టంగ ఇనవడ్డది.

మొద్దు కనవడంగనే సీటు కిందికి దూరిన. ఎవలదో ఎరువు సంచి ఉండె, దాంట్లె మొఖం పెట్టి కండ్లు మూసుకున్న. బిడ్డ వీపు మీద పడ్డా తియ్యలే. బయట ఎందరున్నరో, ఎవలున్నరో, ఉత్త తలలో తలపాగలో నాకు తెలువదు. నలుగురు చుట్టుకొని చూసినవా అంటె, దాక్కున్న అని ఎట్ల చెప్పాలె. ఏదో ఒకటి చెప్పాల్సొచ్చింది. అంతకు మూడు దినాల ముందు పండుగల చూసిన రంగు నోటికొచ్చింది. ఎర్రది అని వచ్చినా మొండయ్య బతికేటోడు.

ఆకుపచ్చ గుడ్డ లేదు. నేనే పుట్టిచ్చిన.